ఏడుకొండలు గారు చుట్టిన కాయిల్

ఈ మధ్య ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఏదో కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ డెమాన్‌స్ట్రేటరుగా చేరబోతోందట. "మీ అనుభవంతో నాలుగు మంచి మాటలు చెప్పండి సార్" అంది. ఏదో నసిగి, కాఫీ ఇచ్చి పంపించేశాను. మంచి మాటలు నా దగ్గర తక్కువ. ఉన్నవన్నీ నేను చెడగొట్టిన పనులే. వాటిలో ఒకదాని గురించి ఇన్నేళ్ళలో సంబంధించినవాళ్ళకూ మా ఆవిడకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ అమ్మాయి ఎదురుగా చెప్పలేకపోయాను కనక ఇలా కాగితం మీద పెడుతున్నాను.

ల్యాబంటే ఏమిటి

అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళకు దగ్గరగా పనిచేశాను. ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానన్నది నాకే సరిగా గుర్తులేదు, అది మీకెందుకు. డెమాన్‌స్ట్రేటరంటే తెల్లకోటు వేసుకుని ప్రయోగాలు చేస్తాడని బయటివాళ్ళు అనుకుంటారు. నేను ఒక్కరోజు కూడా తెల్లకోటు వేసుకోలేదు. నా ఉద్యోగంలో సగం తుప్పుతో యుద్ధం. మా వైపు గాలిలోనే ఉప్పుంటుంది. వేసవి సెలవులకు తాళం వేసి వెళ్ళి తిరిగొచ్చేసరికి ఇత్తడి స్క్రూలన్నీ పచ్చగా పూత పూసి ఉండేవి. వానాకాలం కటకాలకు బూజు పట్టేది.

మిగిలిన సగం పిల్లల అబద్ధాలు పట్టుకోవడం. లోలకం ప్రయోగంలో ఇరవైనాలుగు మందికీ ఒకటే విలువ వచ్చిందంటే, ఆ రోజు ల్యాబులో ఒక్కడే ప్రయోగం చేశాడన్నమాట. ఒక్కోసారి ఆ ఒక్కడూ చేసేవాడు కాదు, వాళ్ళన్నయ్య రికార్డు తెచ్చుకునేవాడు. నేను చాలా కటువుగా మాట్లాడేవాణ్ణి. నలుగురి ముందూ తప్పు చూపిస్తేనే పిల్లలు బాగుపడతారని గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం వల్ల ఎవరైనా బాగుపడ్డారో లేదో తెలియదు, నాకు మాత్రం నోరు అదుపు తప్పింది.

నా మొదటి పై అధికారి సుబ్రహ్మణ్యం గారు. హెడ్డు. ఆయన చాలా బద్ధకస్తుడు, మధ్యాహ్నం క్లాసులు నాకు అంటగట్టి కుర్చీలో కునుకు తీసేవారు. కానీ ఒక్క మాట నేర్పారు. చేరిన కొత్తలో ఒక గాల్వనోమీటరు పాడైందని నేను తీసుకెళ్తే, కళ్ళు సగం తెరిచి అన్నారు: "మీటరు ఎప్పుడూ అబద్ధం చెప్పదోయ్. నువ్వు దాన్ని ఏం అడిగేవో అదే చెప్తుంది. నువ్వేం అడిగేవో ముందు చూసుకో." ఆ మాట పిల్లలకు వందసార్లు అప్పజెప్పాను. నాకు అవసరమైన రోజున గుర్తు రాలేదు.

ఏడుకొండలు గారు

మా ల్యాబు అటెండరు ఏడుకొండలు గారు. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. ఐ.పోలవరం దగ్గర ఏటి ఒడ్డున ఊరు, పడవల మీద బతికిన కుటుంబం. ఈయన పదో తరగతి దాకా చదివి కాలేజీలో చేరి అమలాపురంలో కాపురం పెట్టారు. ల్యాబులో వస్తువులన్నిటినీ "మన సామాను" అనేవారు. ఇత్తడి స్క్రూలకు వాజలీను రాయడం ఆయనే కనిపెట్టారు. ఆయన చుట్టి పెట్టిన వైరు ఎంత పొడుగుదైనా, ఏడాది తర్వాత కొస పట్టుకుని లాగితే ఒక్క మెలి పడకుండా జారి వచ్చేది. నేను చుట్టిన వైరు విప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

నాలుగింటికి పిల్లలు వెళ్ళిపోయాక వెనక మెట్ల మీద కూర్చునేవాళ్ళం. ఆయన ఫ్లాస్కులోంచి టీ పోసేవారు. నాకు గ్లాసు, తనకు ఫ్లాస్కు మూత. ఇవాళ ఏటికి పోటు ఎన్నింటికి వస్తుందో, ఏ గాలికి ఏ చేప ఎక్కుతుందో చెప్పేవారు. నాకు చేపల గురించి ఏమీ తెలియదు, ఆయనకు ఫిజిక్స్ గురించి తెలియదని నేననుకునేవాణ్ణి. ఇప్పుడు నన్ను ఎవరైనా ఉద్యోగంలో ఏం పోగొట్టుకున్నావని అడిగితే ఆ మెట్లే చెప్తాను. నాలుగయ్యేసరికి ఇప్పటికీ ఏదో వెలితిగా ఉంటుంది. మా ఆవిడ టీ ఇస్తుంది, మంచి టీయే, అయినా ఉంటుంది.

ఒకరోజు ఆ మెట్ల మీదే తన తమ్ముడి సంగతి చెప్పారు. తొంభైల్లో అందరూ వరి చేలు తవ్వి రొయ్యల చెరువులు చేశారు కదా. తమ్ముడు ఒక చెరువు మీద కాపలాకు కుదిరాడు. నీళ్ళలో తిరుగుతూ గాలి కలిపే ఏరేటరుకు వెళ్ళే వైరు గట్టు మీద ఎక్కడో చీలి ఉంది. ఉప్పునీళ్ళలో తడిసిన కాళ్ళతో దాన్ని తొక్కాడు.

"ఆ పదకొండోనాడే మా అమ్మ ఇంటికి కరెంటు తీయించేసిందండి" అన్నారు ఏడుకొండలు గారు. "ఒక్క వైరు ముక్క కూడా గడప దాటనివ్వదు. అప్పట్నుంచీ కిరసనాయిలు బుడ్డేనండి. కళ్ళు మసకలొచ్చేసినాయి, అన్నంలో ఏం పడిందో కూడా చూసుకోలేదు. నా దగ్గరికి వచ్చెయ్యమంటే, మీ ఇంట్లో వైర్లున్నాయి నేను రానంటుందండి."



మా ఇంటి పీట మీద

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పిల్లల సైన్సు ఎగ్జిబిషన్ కోసం ఏదైనా కొత్తది చేద్దామనిపించింది. మట్టితో అగ్నిపర్వతం చేసి వంటసోడా పోసే ప్రదర్శన చూసి చూసి విసుగెత్తిపోయింది. తీగ లేకుండా దీపం వెలిగించడం చేద్దామనుకున్నాను. ఆదివారాలు ఇంట్లోనే మొదలుపెట్టాను.

ఇందులో పెద్ద మాయ ఏమీ లేదు. ఒక తీగచుట్టలో కరెంటు చాలా వేగంగా అటూ ఇటూ మారుతుంటే దాని చుట్టూ అయస్కాంత ప్రభావం పుడుతుంది. ఆ ప్రభావంలో రెండో తీగచుట్టను పెడితే అందులోనూ కరెంటు పుడుతుంది. కావలసింది లక్కపూత ఉన్న రాగితీగ, ఒక ట్రాన్సిస్టరు, ఒక రెసిస్టరు, బ్యాటరీ, చిన్న ఎల్‌ఈడీ దీపం. మొదటి కాయిల్‌కు ముప్ఫై చుట్లు. పదిహేను చుట్లయ్యాక తీగను తెంపకుండా ఒక ఉచ్చులా బయటికి తీసి, మళ్ళీ అదే వైపుగా ఇంకో పదిహేను. ఆ మధ్య ఉచ్చుకు బ్యాటరీ, రెండు కొసలకూ ట్రాన్సిస్టరు. రెండో కాయిల్‌కు ఉత్త ముప్ఫై చుట్లు, కొసలకు దీపం.

మొదటి ఆదివారం వెలగలేదు. లక్కపూత సరిగా గీకలేదు. రెండో ఆదివారం కూడా వెలగలేదు. అన్నీ సరిచూసి, తల పట్టుకుని కూర్చుంటే మా ఆవిడ వచ్చి "నా పళ్ళెం ఇస్తారా, అన్నాలకు వేళయ్యింది" అని కాయిల్ కింద నుంచి స్టీలు పళ్ళెం లాగేసింది. వెంటనే దీపం వెలిగింది. లోహం పక్కనుంటే ఆ ప్రభావాన్నంతా అదే మింగేస్తుందని నేను క్లాసులో చెప్తాను. నాకు చెప్పినవాళ్ళు మాత్రం మా ఆవిడే.

తర్వాత ఆదివారం ఏడుకొండలు గారిని పిలిచాను. కాయిల్‌ను పలచటి చెక్కపీట కింద పెట్టి, దీపాన్ని దాని కాయిల్‌తో సహా మూత బిగించిన గాజుసీసాలో పెట్టాను. సీసా పీట మీద పెడితే వెలుగుతుంది, తీస్తే ఆరిపోతుంది. ఆయన సీసాను ఎత్తి అడుగు చూశారు. పీటకూ సీసాకూ మధ్య అరచెయ్యి పెట్టారు. దీపం వెలుగుతూనే ఉంది.

"షాకు కొట్టదాండీ?"

"కొట్టదండి. మీ చెయ్యి అక్కడే ఉంది కదా."

"వైరు లేదు కదండీ?"

"సీసాకి లేదండి."

చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు. తర్వాత నెమ్మదిగా, "మాస్టారండీ, ఇలాంటిది మా అమ్మకి ఒకటి చేద్దామాండీ?" అన్నారు. అన్నేళ్ళ పరిచయంలో ఆయన నన్ను అడిగిన కోరిక అదొక్కటే.

ఏటి ఒడ్డు ఊరు

తెల్లగా వెలిగే ఎల్‌ఈడీలు అప్పుడే రాజమండ్రి దుకాణాల్లోకి వస్తున్నాయి. ఆరు తెప్పించాను. వాళ్ళమ్మ గారి పీట మందమైనది కనక పెద్ద కాయిల్, మోటారుసైకిలు బ్యాటరీ, పెద్ద ట్రాన్సిస్టరు కావాలి. సీసా నేను తయారుచేసి మా ఇంటి చిన్న కాయిల్ మీద వెలిగించి చూశాను. పెద్ద కాయిల్ మాత్రం తాను చుడతానన్నారు ఏడుకొండలు గారు.

"అమ్మకి కదండీ. నా చేత్తో చుట్టాలని ఉందండి."

ముప్ఫై చుట్లు, పదిహేను దగ్గర ఉచ్చు అని చెప్పాను. అంతే చెప్పాను. ఏ వైపు చుట్టాలో చెప్పలేదు. అది చెప్పాలని కూడా నాకు తట్టలేదు. వారం రోజుల్లో తెచ్చారు. జల్లెడంత గుండ్రంగా, వల అల్లే దారంతో బిగించి, అచ్చు పోసినట్టుంది. మీటరు పెట్టాను, కీమని మోగింది. తీగ ఎక్కడా తెగలేదు. బస్సుకు వేళవుతోంది. బ్యాటరీ పెట్టి ఒక్కసారి వెలిగించి చూస్తే సరిపోయేది. మీటరు మోగింది కదా అని బయల్దేరదీశాను.

ముమ్మిడివరం మీదుగా వెళ్ళాం. దారి పొడుగునా ఆ కాయిల్‌ను తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారాయన. ఇంటి దగ్గర చుట్టాలు పదిమంది దాకా పోగయ్యారు. వాళ్ళమ్మ గారు సన్నగా, నిటారుగా, గోడకు ఆనుకుని కూర్చుంది. బ్యాటరీని చూసి ముఖం చిట్లించింది. ఏడుకొండలు గారు ఆవిడ ముందు గొంతుక్కూర్చుని చెప్పారు: "అమ్మా, సీసాకి వైరు లేదు చూడు. నువ్వు సీసానే ముట్టుకుంటావు. ఇంకేం ముట్టుకోనక్కర్లేదు."

"నువ్వు చేసేవా?" అందావిడ.

"ఆయ్. నేనే చుట్టేను."

ఆవిడ సీసాను తీసుకుని స్వయంగా పీట మీద పెట్టింది. నేను బ్యాటరీ తగిలించాను. వెలగలేదు. కాసేపటికి పీట కింద నుంచి కాలిన వాసన, సన్నటి పొగ. గబగబా తీగ పీకి, ట్రాన్సిస్టరు మార్చాను. మళ్ళీ పొగ. తెచ్చుకున్న మూడూ అయిపోయాయి.

ఆవిడ సీసాను పీట మీంచి తీసి నా చేతిలో పెట్టింది. "తీసుకెళ్ళిపోండి బాబూ. నాకు ఒక కొడుకే మిగిలేడు" అంది.

చుట్టూ పదిమంది చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. సీసా నాది, అది మా ఇంట్లో వెలిగింది. ట్రాన్సిస్టర్లు కొత్తవి. మిగిలింది కాయిల్. "ముప్ఫై చుట్లు లెక్కపెట్టడం కూడా రాకపోతే ఎలాగండీ ఏడుకొండలు గారూ! రానప్పుడు నాకు వదిలెయ్యాలి కదా!" అన్నాను. ల్యాబులో పిల్లలతో మాట్లాడే గొంతుతోనే, వాళ్ళమ్మ ఎదురుగా అన్నాను.

ఆయన ముఖం చూశాను. నిజంగా లెక్క తప్పానేమో అని వెతుక్కుంటున్న ముఖం అది. "ఆయ్, తప్పేనండి" అన్నారు.

ఆ తర్వాత

సోమవారం మామూలుగానే వచ్చారు. స్క్రూలకు వాజలీను రాశారు. నాలుగింటికి ఫ్లాస్కు తెచ్చి నా గ్లాసు నింపి, తన పని ఉందని లోపలికి వెళ్ళిపోయారు. ఏమడిగినా "ఆయ్" అనేవారు. కోపపడితే ఎంతో బాగుండేది. నేను క్షమాపణ చెప్పలేదు. తప్పు ఆయనదే కదా, పెద్దమనసుతో నేనే మరిచిపోతున్నాను అనుకున్నాను. ఇంతకన్నా నిజాయితీగా నా గురించి రాయలేను.

ఆ వేసవి సెలవుల తర్వాత ఆయన రాలేదు. ఉద్యోగం మానేసి ఊరు వెళ్ళిపోయారనీ, వాళ్ళమ్మ దగ్గరే ఉంటున్నారనీ ఆఫీసులో చెప్పారు. కొత్త అటెండరు వచ్చాడు. వైర్లన్నీ చిక్కులు పడ్డాయి. వెళ్ళి పలకరించాలని చాలాసార్లు అనుకున్నాను. ఎప్పుడైనా వెళ్ళవచ్చులే, గంటన్నర ప్రయాణమేగా అనుకున్నాను. గంటన్నర ప్రయాణానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

పదిహేను చుట్ల దగ్గర

రిటైరయ్యే నెలలో నా బీరువా ఖాళీ చేస్తుంటే అడుగున ఆ కాయిల్ కనిపించింది. వల దారం ఇంకా గట్టిగానే ఉంది. ఎందుకో లెక్కపెట్టాలనిపించింది. పై దారం మాత్రం కోసి, గోటితో ఒక్కొక్క చుట్టూ లెక్కపెట్టాను. ముప్ఫై. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

అప్పుడు తీగ వెంట వేలు పోనిచ్చాను. పదిహేను చుట్లు ఒక వైపు వెళ్ళి, ఉచ్చు తిరిగి, మిగిలిన పదిహేనూ వెనక్కి వచ్చాయి.

పడవల వాళ్ళింట్లో తాడు అలాగే చుడతారు. సగం చుట్లు ఇటు, సగం అటు. ఇటు ఎక్కిన మెలి అటు దిగిపోతుంది, ఏట్లోకి విసిరినప్పుడు చిక్కు పడదు. ఆయన చుట్టిన ల్యాబు వైర్లు ఎందుకు చిక్కు పడేవి కావో కూడా నాకు అప్పుడే తెలిసింది. అమ్మ కోసం కదా అని తనకు తెలిసిన అతి మంచి పద్ధతిలో చుట్టారు. అలా చుడితే రెండు సగాలూ ఒకదాని ప్రభావాన్ని ఒకటి చెరిపేస్తాయి. ట్రాన్సిస్టరుకు కరెంటును అటూ ఇటూ తిప్పే దారి లేక, ఉత్తినే వేడెక్కి కాలిపోతుంది. రెసిస్టెన్సు బాక్సులో ఆ ప్రభావం పుట్టకూడదనే తీగను ఇలా వెనక్కి మడిచి చుడతారని ఏటా జూలైలో బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పినవాణ్ణి నేను. మీటరును తీగ తెగిందా అని అడిగాను, తెగలేదని చెప్పింది. ఎటు చుట్టారని దాన్ని అడగలేదు, ఆయన్నీ అడగలేదు.

దాన్ని బాగుచేయడానికి చుట్లు విప్పక్కర్లేదు. ఉచ్చు దగ్గర కత్తిరించి, రెండో సగం కొసలు రెండూ తారుమారు చేసి అతికించాను. పావుగంట పని. కొత్త ట్రాన్సిస్టరు వేసి సీసా పెడితే ఆరు దీపాలూ వెలిగాయి. ఆ రోజు ఆ పీట ముందు ఈ పావుగంట ఓపిక నాకు లేకపోయింది. ఖాళీ ల్యాబులో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

మళ్ళీ ఆ ఊరు

మర్నాడు మధ్యాహ్నం కాయిల్, సీసా, బ్యాటరీ సంచీలో సర్దుకుని బస్సెక్కాను. వెళ్ళగానే అందరి ముందూ చెప్పాలనుకున్నాను, తప్పు నాదేనని. దారంతా ఆ వాక్యాన్నే సరిచేసుకుంటూ వెళ్ళాను.

ఏడుకొండలు గారి భార్య తలుపు తీసింది. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, అప్పుడు చెప్పింది.

"ఆయన పోయి రెండేళ్ళయ్యిందండి. కామెర్లండి."

"కాలేజీకి కబురు పెట్టలేదేమమ్మా?"

"పెట్టొద్దన్నారండి. మాస్టారు పనిలో ఉంటారు, ఇబ్బంది పెట్టకండన్నారండి."

అది మర్యాదో, బాధో నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ అయి ఉంటాయి.

వాళ్ళమ్మ గారు లోపలి గదిలో మంచం మీద ఉందన్నారు. లోపలికి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాను. గది మధ్యలో వైరుకు బల్బు వేలాడుతోంది. సాయంత్రం ఇంకా పూర్తిగా పడకపోయినా వెలుగుతోంది. గోడకు ఏడుకొండలు గారి ఫోటో.

నేను బల్బు వంక చూడటం కోడలు గమనించింది. "ఆయన పోయిన నెలకే లైన్‌మేన్‌ని పిలిపించమందండి. బుడ్డి దీపానికి ఫోటోలో కొడుకు ముఖం ఆనటం లేదంది" అని మెల్లగా చెప్పింది.

దారంతా సరిచేసుకున్న వాక్యం నోట్లోంచి రాలేదు. ఆవిడ మంచం పక్కన నేల మీద కూర్చుని, సంచీలోంచి కాయిల్ తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ చుట్ల మీద వేళ్ళు పోనిచ్చి, తడిమి చూసింది.

"మావోడి చుట్టే ఇది" అంది.

"ఆయ్, అమ్మా. ఆయన లెక్క తప్పలేదు. చుట్టడం తప్పలేదు. ఆ రోజు తప్పు నాది. నేను సరిగా చెప్పలేదు, చూసుకోలేదు. ఆయన్ని మీ ముందు అనరాని మాట అన్నాను."

ఆవిడ కాయిల్‌ను ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత అడిగింది: "ఇప్పుడు వెలుగుతుందా?"

"వెలుగుతుందమ్మా."

కోడలు పీట తెచ్చింది. కాయిల్‌ను దాని కింద పెట్టి బ్యాటరీ తగిలించాను. సీసా మాత్రం ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, పీట మీద పెట్టబోయి ఆగింది.

"ముందు ఆ పెద్ద లైటు ఆర్పెయ్యండి బాబూ" అంది.